ఇంగ్లీషు విశేషణములు – మా యింటి ముచ్చటలు

మా యూరి పేరు దొరవారిసత్రము. నాయుడుపేటకును సుళ్ళూరుపేటకును నడుమ, చెన్నపట్టణమునకు పోవు పెద్దబాటమీద నున్నది. ఆ పేరులోని 'దొరవారి' యను మాటను తీసివేసినచో మిగులునది వట్టి సత్రము. పూర్వము బాటసారుల కొఱకు వెలసిన సత్రము లీ దేశమున నెన్నియో కలవు. వానిలో నిది యేది యని యడిగినవానికి వ్రేలు పెట్టి చూపునది ఆ ముందరి మాటయే. మన శాస్త్రకారులు విశేషణమును 'వ్యావర్తకము' అనిరి. అనగా తక్కినవానినుండి వేఱుచేయునది. సొగసు కొఱకు తగిలించు తోరణము కాదు. ఈ యొక్కమాట మనస్సున నుంచుకొన్నచో ఇంగ్లీషు వ్యాసములలోని విశేషణముల చిక్కు సగము విడిపోవునని మా నమ్మకము. సోదరీమణులలో పిల్లలచేత ఇంగ్లీషు వ్రాయించువారు పలువు రుందురు గనుక, మాకు తెలిసిన నాలుగు మాట లిచ్చట చెప్పుకొనుచున్నాము.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారు అరుగుమీద కూర్చుండబెట్టి అమరము, ఆంధ్రనామసంగ్రహము, భారతము, బాలవ్యాకరణము, కువలయానందము చెప్పిరి. ఇంగ్లీషు మాకు కాపురమునకు వచ్చిన పిమ్మట అబ్బినది. మా వారు ఉపాధ్యాయులు. సాయంకాలము మా వసారాలో పదిమంది పిల్లలు చేరి ఇంగ్లీషు వ్యాసములు దిద్దించుకొందురు. మేము వంటింటి గడపకడ బియ్యమేరుకొనుచు వినెడివారము. ఏడెనిమిదేండ్లు వినగా వినగా, ఆ దిద్దు పనిలో సగము మా పాలబడినది. చేటయు ఎఱ్ఱసిరా కలమును ఒక్కచోటనే యుండుట మా యింటికి వచ్చినవారు చూచి నవ్వుకొందురు.

పిల్లలకు విశేషణముల భేదములు కంఠపాఠముగ వచ్చును. గుణమును చెప్పునవి, పరిమాణమును చెప్పునవి, సంఖ్యను చెప్పునవి, ఇది అది యని చూపునవి, ఒక్కొక్కటియని పంచునవి, ఏది యెట్టిది యని యడుగునవి, నాది నీది యనునవి, ఊరిపేరునుండి దేశపుపేరునుండి పుట్టినవి. ఇట్లు ఎనిమిది చెప్పి, తొమ్మిదవది మఱచిపోయితిమా యని తల గోకుకొందురు. పరీక్షకు ఈ పట్టిక చాలును. కాని అన్ని భేదములు చెప్పినపిల్లయే కాగితముపై కలము పెట్టగానే 'నైస్', 'గుడ్', 'బ్యూటిఫుల్' అను మూడింటిని తప్ప ముట్టదు. కోశాగారము నిండ నగలుండగా పూసలపేరు వేసికొని పేరంటమునకు పోయినట్లు.

మా యూరికి దాపుననే నేలపట్టు చెఱువున్నది. 1976లో దానిని పక్షుల సంరక్షణకేంద్రముగ చేసిరి. శీతకాలమున గూడబాతులు గుంపులుగుంపులుగా వచ్చి, నీటిలో నిలిచిన కడపచెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను లేపును. దానిని చూచివచ్చి వ్యాసము వ్రాయుమన్నపుడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె 'బ్యూటిఫుల్ బర్డ్స్ సిట్ ఆన్ బ్యూటిఫుల్ ట్రీస్ ఇన్ ఎ బ్యూటిఫుల్ లేక్' అని వ్రాసి తెచ్చినది. వ్యాకరణమున తప్పు లేదు. కాని ఆ వాక్యము నేలపట్టునకు ఎంత చెల్లునో కొల్లేటికిని అంతే చెల్లును, కాశ్మీరమునకును అంతే చెల్లును. "ఏమి చూచితివమ్మా, తెలుగున చెప్పు" మంటిమి. ఆ పిల్ల కన్నులు మూసికొని చెప్పినది: కొమ్మలు బరువుకు వంగియున్నవట, పెద్దపక్షి నోరు తెఱచిన, పిల్ల తలను దాని గొంతులోనికి దూర్చి చేపను తీసికొనునట, కింద నీరు పాలవలె తెల్లబడి యున్నదట, ముక్కు మూసికొనవలసినంత వాసనయట. వాసన సంగతి యేల వ్రాయలేదనిన, "బ్యూటిఫుల్ అని వ్రాసితిని గదా, వాసన యెట్లు వ్రాయుదు" నన్నది. ఆ యొక్కమాట తక్కిన చూపునంతటిని కప్పివేసినది. అంతట 'బెంట్ బ్రాంచెస్', 'హంగ్రీ చిక్స్', 'మిల్కీ వాటర్', 'ఫిషీ స్మెల్' అని తానే వ్రాసినది. 'ఫిషీ' అనుమాటకు అనుమానింపదగిన యను అర్థమును కలదని మా వారు చెప్పగా నందఱును నవ్వితిమి గాని, నిజముగ చేపలవాసనయే గనుక నుంచితిమి.

ఈ పక్షుల పేర్లే విశేషణములకు మంచి బడి. ఇంగ్లీషువారు పక్షికి పేరు పెట్టుట విశేషణముతోనే. మన గూడబాతును పూర్వము 'గ్రే పెలికన్' అనిరి. ఇప్పటి పుస్తకములలో 'స్పాట్‌బిల్డ్ పెలికన్' అని యున్నది. బూడిదవన్నె లోకమున ననేక పక్షులకు కలదు; ముక్కు వెంబడి వరుసగా చుక్కలుండుట దీనికే ఆనవాలు. తెల్లని యొడలు, నల్లని తల, వంకరముక్కు గల మఱియొక పక్షిని 'వైట్ ఐబిస్' అనెడివారు. అదే యిప్పుడు 'బ్లాక్‌హెడెడ్ ఐబిస్' అయినది. ఒకే పక్షిని తెల్లనిదనుటయు నిజమే, నల్లనిదనుటయు నిజమే. కాని చెఱువుగట్టున తెల్లని పక్షులు పది రకములు నిలిచియుండగా పనికివచ్చునది నల్లని తల. వ్యావర్తకమనగా నిదియే. ముక్కు దళముల నడుమ సందున్నందున వారు 'ఓపెన్‌బిల్' అన్న దానిని, మనవారు దాని తిండిని చూచి నత్తగుల్లకొంగ యనిరి. రెక్కలమీద రంగు పులిమినట్లున్నదని వారు 'పెయింటెడ్ స్టార్క్' అన్న దానిని, మనవారు ఎఱ్ఱకాళ్ళకొంగ యనిరి. ఏది మేలైన పేరని వసారాలో వాదము పుట్టినది. నీటిలో దిగినపుడు కాళ్ళు కనబడవు గనుక ఇంగ్లీషు పేరే మేలని మా చిన్నవాడు పట్టుబట్టెను. ఎగురునపుడు కనబడును గదా యని యితరులు. ఆ నాడు విశేషణము ననుగూర్చి వా రెఱుగకయే గంటసేపు ఆలోచించిరి.

ఇక విశేషణముల వరుస. ఒకటికంటె నెక్కువ వచ్చినపుడు ముందు అభిప్రాయము, పిదప కొలత, వయస్సు, ఆకారము, రంగు, పుట్టిన చోటు, చేసిన వస్తువు, ఉపయోగము – ఈ క్రమమున వ్రాయవలెనని ఇంగ్లీషు పుస్తకములు చెప్పును. పిల్లలు దీనిని ఎక్కమువలె వల్లెవేయుదురు. పాప మేమిటికి? మన యింట 'ఆ రెండు పెద్ద పాత నల్లని మట్టికుండలు' అందుము గాని 'మట్టి నల్లని పాత పెద్ద రెండు కుండలు' అనము. ఇంగ్లీషున నదే వరుస: 'దోజ్ టూ బిగ్ ఓల్డ్ బ్లాక్ క్లే పాట్స్'. తెలుగున నోటికి వచ్చినట్లు చెప్పి, ఆ వరుసనే మార్చుకొన్న చాలవఱకు సరిపోవును. ఇది మన బిడ్డలకు పుట్టుకతో వచ్చిన సొత్తు. ఎవరును చెప్పనందున తమ పెట్టెలో నున్నదానిని పొరుగింట వెదకుచున్నారు.

ఇంగ్లీషున గొప్ప కథలు వ్రాసిన టోల్కిన్ అను పండితుడు, తనకు ఏడేండ్లప్రాయమున జరిగిన దొకదానిని 1955లో నొక లేఖలో వ్రాసెను. పచ్చని రంగు గల పెద్ద సర్పభూతమును గూర్చి ఆ బాలుడు కథ వ్రాసి, పచ్చదనమును ముందును పెద్దదనమును వెనుకను పెట్టెనట. తల్లి చూచి, అట్లనరాదు, పెద్ద పచ్చని యనవలెనన్నదట. ఎందుకనరాదో తనకు అప్పుడు తెలియలేదనియు, ఇప్పటికిని తెలియదనియు ఆయన వ్రాసెను. భాషాశాస్త్రమున నాచార్యుడైన వానికి తెలియనిదానిని వంటింట నున్న తల్లి చెవి పట్టుకొన్నది. ఈ సంగతి చదివిననాడు మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

వరుస కుదిరినంత సులభముగ అర్థము కుదురదు. ఇచ్చటనే నిజమైన ప్రమాదమున్నది. మనది ఎండదేశము. మనకు చల్లదనమే మంచితనము. చల్లని తల్లి, చల్లని చూపు, చల్లని కబురు. దీవించునపుడు సైతము చల్లగా నుండుమందుము. వారిది చలిదేశము. వారికి వెచ్చదనమే ప్రేమ. 'వార్మ్' అన్నది ఆదరమునకును, 'కోల్డ్' అన్నది నిర్దయకును చెల్లును. ఏడవ తరగతి బాలుడొకడు తన చనిపోయిన అమ్మమ్మను గూర్చి 'మై గ్రాండ్‌మదర్ హాడ్ ఎ కోల్డ్ హార్ట్' అని వ్రాసెను. ఒక చోట ఆ వాక్యము దిద్దువారి చేతిమీదుగా పోయియు ఎఱ్ఱగీత లేకయే తిరిగివచ్చినది. కర్త, క్రియ సరిగనే యున్నవి గదా! మేము చదివి, దీనికి రాతిగుండె గలదని యర్థమగు నాయనా యని మెల్లగా చెప్పినంతనే వాని మొగము వివర్ణమైనది. "మా అమ్మమ్మను తిట్టినానా అండీ?" అని యడిగెను. వాని తల్లి కూలికి పోవునది. వానిని పెంచినది ఆ ముసలమ్మయే.

అప్పుడు 'కోల్డ్' తీసి 'వార్మ్' పెట్టించి పంపివేయవచ్చును. మేమట్లు చేయలేదు. ఆమె మనస్సు చల్లనిదని నీ కెట్లు తెలిసెనని యడిగితిమి. ఎండలో నడచివచ్చినవా రెవరైనను సరే, మజ్జిగ యీయక పంపెడిది కాదనెను. ఎంత మజ్జిగ? పెద్ద ఇత్తడి చెంబుడు. ఎక్కడ నుంచెడిది? ఇసుకలో పాతిన మట్టికుండలో. అన్నియు వ్రాయించితిమి. అందు 'కూల్ బటర్‌మిల్క్' అను చోట వాని చల్లదనము వాని కబ్బినది. రెండు భాషలలోను చెల్లు చల్లదనమది. 'ఎ బిగ్ బ్రాస్ పాట్' అనుటలో కొలతయు వస్తువును వచ్చినవి. అమ్మమ్మ గుణమును చెప్పు విశేషణ మొక్కటియు లేదు. చదివినవారికి ఆమె తెలిసినది.

ఇట్టి మాటలు మనకు కోకొల్లలు. 'పచ్చి' యను దానిని చూడుడు. పచ్చిపాలు 'రా మిల్క్' అగును. పచ్చిమామిడికాయ 'గ్రీన్' లేక 'అన్‌రైప్' అగును. పచ్చికట్టెయు 'గ్రీన్' అగును. పచ్చి అబద్ధము మాత్రము 'డౌన్‌రైట్ లై'. ఇక పచ్చిబాలింత యన్నచో ఇంగ్లీషున నొక్క విశేషణము దొరకదు. కొలదిదినముల క్రిందట ప్రసవించిన స్త్రీయని వాక్యముగ చెప్పుకొనవలసినదే. నిఘంటువులో 'పచ్చి'కి ఎదురుగా నున్న మొదటిమాటను తీసికొని అన్నిటికి నంటించు పిల్లలకు ఈ అయిదింటిని ఒక పుటలో వ్రాసి యిచ్చితిమి.

'వెరీ' యను మాటతో మాకు పెద్ద పోరు. చీకటి 'వెరీ డార్క్', వెన్నెల 'వెరీ బ్రైట్', పేదరికము 'వెరీ పూర్'. తెలుగున నట్లు వ్రాయుదుమా? చీకటి కటికది, వెన్నెల పండుది, చూలాలు నిండుది, పగలు పట్టపగలు. ఒక్కొక్క నామమునకు దానికి తగిన విశేషణమును మన పెద్దలు ఏనాడో కుదిర్చి పెండ్లి చేసిరి. ఇంగ్లీషునను ఇట్టి పెండ్లిండ్లు కలవు: కటికచీకటి 'పిచ్ డార్క్', పట్టపగలు 'బ్రాడ్ డేలైట్'. మాట నేర్చునపుడు దాని జంటను గూడ నేర్చుకొనవలెను. వింతయేమన, చిట్టచివర అనుటకు వారు 'ది వెరీ ఎండ్' అందురు. అక్కడ 'వెరీ' చక్కని విశేషణము. అట్టిదానిని ఉప్పువలె అన్నిటిలో చల్లుటచే రుచి పోయినది. చిన్నచిన్న యూళ్ళను 'స్మాల్ స్మాల్ విలేజెస్' అనుటయు ఇట్టిదే. మన ద్విరుక్తి వారికి లేదు, బహువచనమే చాలును. 'ఫ్యూ' అన్నచో లేనట్లే, 'ఎ ఫ్యూ' అన్నచో కొన్ని యున్నట్లు. డబ్బాలో పప్పు 'లిటిల్' ఉన్నదనినచో అంగడికి పంపవలెను. 'ఎ లిటిల్' ఉన్నదనినచో ఈపూటకు గడచును. ఈ పోలిక చెప్పినది మొదలు మా వసారాలో దీనిని తప్పినవారు లేరు.

బాలవ్యాకరణమునకు మేము ప్రత్యేకముగ నమస్కరింపవలసిన చోటొకటి కలదు. చిన్నయసూరి 1858లో వెలయించిన ఆ గ్రంథమున క్రియాజన్యవిశేషణమను పేరు వచ్చును. క్రియనుండి పుట్టిన విశేషణమని యర్థము. 'వండిన' యను మాటను తీసికొనుడు. వండిన అన్నము అందుము, వండిన ఇల్లాలు అందుము. అన్నము వండబడినది, ఇల్లాలు వండినది. తెలుగున రెంటికిని ఒకటే రూపము, తేడాను వినువారు గ్రహింతురు. ఇంగ్లీషున నట్లు పొసగదు. 'కుక్డ్ రైస్' అనవచ్చును. 'కుక్డ్ ఉమన్' అన్నచో నరభోజనమే! మన పిల్లలు 'ఐ యామ్ బోరింగ్' అని వ్రాయుటకు మూల మిదియే. విసుగు పుట్టించునది 'బోరింగ్', విసుగు చెందినవాడు 'బోర్డ్'. పాఠము 'ఇంట్రెస్టింగ్', విద్యార్థి 'ఇంట్రెస్టెడ్'. ఇచ్చువా రెవరు, పుచ్చుకొనువా రెవరు అని యడిగికొన్న తప్పు రాదు. బిడ్డ మందబుద్ధి గనుక తప్పుచున్నాడని విసుగుకొను తల్లులు, వాని మాతృభాష రెంటిని ఒక్క పాత్రలో వండుచున్నదని తెలిసికొన్నచో కోపపడరు.

ఊరిపేరునుండి పుట్టు విశేషణములను గూర్చి ఒక్క ముచ్చట. బ్రెజిలు దేశపు పశువుల మందలలో అధికభాగమునకు 'నెలోర్' అని పేరు. అది మన నెల్లూరే. ఆ జాతి నిజమునకు ఒంగోలుది. ఒంగోలు 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిదే గనుక ఓడనెక్కిన యెద్దులకు జిల్లాపేరే విశేషణమైనది. మా మండలమును 2022లో తిరుపతి జిల్లాలో చేర్చిరి. మేము నెల్లూరివార మనుకొనుట మానలేదు. ఎద్దులు మానలేదు, మేమెందుకు మానవలెను?

విశేషణమును ఎప్పుడు వాడవలెనో ఎప్పుడు మానవలెనో మన యాలంకారికులు చెప్పినంత తేటగా మా వారి ఇంగ్లీషు పుస్తకములలో మాకు కనబడలేదు. మమ్మటుడు కావ్యప్రకాశమున అర్థదోషములను చెప్పుచు 'అపుష్టము' అను దానిని చెప్పెను. అర్థమునకు పుష్టి నీయని మాట యని భావము. ఆకాశమును విశాలమనుట యట్టిది. ఆకాశ మెన్నడైన ఇఱుకుగా నుండెనా? 'వైట్ మిల్క్', 'వెట్ రెయిన్' అని పిల్లలు వ్రాసినపుడు మేము ప్రక్కన 'అ' అని గురుతు పెట్టుదుము. అపుష్టమని వారికి తెలియును. దీనికి ఎదురు పరికరాలంకారము. అప్పయ్యదీక్షితులు కువలయానందమున చెప్పిన దాని సారమేమన, విశేషణము సాభిప్రాయమై యుండవలెను. తాపము తీర్పుమని శివుని వేడునపుడు, శిరమున చంద్రుని దాల్చినవాడని పిలుచుటలో నభిప్రాయమున్నది. చంద్రుడు చల్లనివాడు గదా. అచ్చట త్రిశూలమును గూర్చి చెప్పిన భక్తికి లోటు లేదు గాని మాటకు పని లేదు. తిక్కన సోమయాజి మా నెల్లూరివాడు. ఆయన పద్యమున ఒక్క మాటను కదల్ప జూచినవారికి ఇది యేమో తెలియును.

అయినను మన కావ్యములందు మాకు మ్రింగుడుపడనిది యొకటి కలదు. చెప్పుట సాహసమే. స్త్రీకి మన కవులు పెట్టిన పేర్లన్నియు విశేషణములే: అలివేణి, కంబుకంఠి, పద్మాక్షి, మందయాన. తుమ్మెదలవంటి జడ, శంఖమువంటి మెడ, తామరవంటి కన్ను, మెల్లని నడక. ఆమె యేడ్చుచున్నను అలివేణియే, అన్నము వండుచున్నను అలివేణియే, అడవిలో త్రోవ తప్పినను అలివేణియే. యతికి ప్రాసకు కుదిరిన మాట వచ్చి కూర్చుండును. సాభిప్రాయముగ వాడిన మహాకవులు లేకపోలేదు. కాని చాలచోట్ల విశేష్యమే మాయమై, విశేషణము తాళముచెవి పట్టుకొని యిల్లేలుచున్నది. చిన్ననాడు తాతగారి నడిగితిమి: ఈమెకు జడ తప్ప నేమియు లేదా యని. ఆయన నవ్వి, పద్యము ముందు చదువుమనిరి.

ఆ ప్రశ్న మరల మాకు ఈ మాఘమాసమున గుర్తువచ్చినది. మా వదినగారు, అనగా మా వారి యక్కగారు, కూతురి పెండ్లి మాటలకై వచ్చిరి. ఆ యమ్మాయి నర్సింగున పట్టము పొంది సుళ్ళూరుపేటలో పనిచేయుచున్నది. సంబంధములు చూచు నొకాయన ఆమెను గూర్చి ఇంగ్లీషున వ్రాసిన కాగితమును వదినగారు మా చేతికిచ్చి, తప్పులుండిన దిద్దుమనిరి. 'ఫెయిర్, స్లిమ్, హోమ్లీ, సాఫ్ట్, అడ్జస్టింగ్ గర్ల్' అని యున్నది. అయిదు విశేషణములు, ఒక నామము. పేరు గూడ లేదు.

'హోమ్లీ' అన మనవారు గృహిణీధర్మమెఱిగినదను భావముతో వ్రాయుదురు. అమెరికాలో ఆ మాటకు అందము చాలనిదని యర్థము. అమెరికా సంబంధములకే ఈ మాటను మఱింత ఉత్సాహముగ పంపుచున్నారు! ఇది చెప్పగానే వదినగారు దానిని కొట్టివేయుమనిరి. 'ఫెయిర్' దగ్గఱ మాత్రము చిక్కు వచ్చినది. అమ్మాయిది చామనచాయ. ఎంత చక్కని మాట మనది! దానికి ఇంగ్లీషు ప్రకటనలలో 'వీటిష్' అని వ్రాయుదురు. మొలగొలుకులు పండు సీమలో పుట్టిన పిల్లకు గోధుమవన్నె యేల? 1975లో వెలసిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' యను లేపనముగూడ 2020లో మొదటి విశేషణమును వదలుకొని 'గ్లో అండ్ లవ్లీ' యైనది. ఆ యేడే ఒక పెద్ద వివాహ సమాచార సంస్థ ఒంటిరంగునుబట్టి వెదకు వీలును తీసివేసినది. అమ్మువారే వదలిన మాటను మనము పట్టుకొని వ్రేలాడుటయా యంటిమి.

"తెల్లగా నున్నదని వ్రాసిన నీ సిరా తరుగునా? అందఱును వ్రాయుటలేదా?" అని వదినగారు.

"అందఱును వ్రాయుచున్నారు గనుకనే దానికి విలువ లేదు వదినా. పైగా పిల్లను చూచినవారికి మనము కల్లలాడితిమని తెలియును."

"నీవు శాస్త్రము చెప్పుదువమ్మా. రెండేండ్లనుండి ఫోటో చూచి మరలిపోవుచున్నవారికి సమాధానము చెప్పుకొనుచున్నదానను నేను." ఆమె కన్నుల నీరు తిరిగినది. మాకు బదులు తోచలేదు. మా వారు వార్తాపత్రికను మొగమున కడ్డముగ పట్టుకొనిరి. ఆయనకు ఇంగ్లీషు తెలియును, అక్కగారు గూడ తెలియును.

ఇంతలో అమ్మాయి రాత్రిపని ముగించుకొని నేరుగా మా యింటికే వచ్చినది. కాగితమును చూచి, "అత్తయ్యా, ఈ పిల్ల యెవరు?" అని యడిగినది. పరిహాసముగ కాదు, ఇంకొకరి కాగితమనియే అనుకొన్నది. పిదప తెలిసి, మా ఎఱ్ఱకలము తీసికొని అయిదింటిని కొట్టివేసి తానే వ్రాయ మొదలుపెట్టినది. ఇరువదియాఱేండ్లు, నాలుగేండ్లుగా అప్పుడే పుట్టిన శిశువుల వార్డున పని, నెలలో పది రాత్రులు, బ్రౌన్, తల్లివలె, తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడు భాషలు, తన జీతములో కొంత తల్లికి, పెండ్లి తరువాతను. సంఖ్య, వర్ణము, సంబంధము – ఎనిమిది భేదములలో మూడు నాలుగు అక్కడనే తేలినవి. "ఓర్పుగలదని 'పేషెంట్' అని చేర్చుము" అని వదినగారనగా, "నర్సును పేషెంటని వ్రాసిన, రోగియని చదువుదురమ్మా" అని నవ్వినది. తల్లి నవ్వలేదు. జీతపు మాట తీయుమని బ్రతిమాలినది. అమ్మాయి తీయలేదు. వదినగారు ఆ పూట మా యింట భోజనము సరిగా చేయలేదు.

కాగితము మూడు ఇండ్లకు పోయినది. రెండిండ్లనుండి జవాబు లేదు. మూడవవారు 'యాన్ అండర్‌స్టాండింగ్ గర్ల్' కావలెనని వ్రాసిరి. ఇదియు క్రియనుండి పుట్టిన విశేషణమే. అర్థము చేసికొనునది యని భావము. "అర్థము చేసికొనుట నాది, అర్థము కావలసిన పను లెవరివి అత్తయ్యా?" అని అమ్మాయి ఫోనులో నన్నది. అడుగు విశేషణమును వాడి యొక్కటే ప్రశ్న వ్రాసి పంపినది: 'విచ్ డ్యూటీస్ ఎట్ హోమ్ ఆర్ హిజ్?' ఇంటిలో నే పనులు ఆయనవి యని. వదినగారు ఈ సంగతి విని మూడుదినములు మాతో మాటలాడలేదు; మేము నేర్పితిమని వారి యనుమానము. మేము నేర్పినది 'విచ్' ఎక్కడ పెట్టవలెనన్నది మాత్రమే.

జవాబు పదునైదు దినములకు వచ్చినది. పెద్దలు వ్రాయలేదు, పిల్లవాడే వ్రాసినాడు. ఇంగ్లీషున గాదు, తెలుగున. ఉదయము కాఫీ తనదట, బట్టలుతుకుట తనదట, తల్లికి మోకాళ్ళు నొప్పులు గనుక బావినీరు తోడుట తనదట, చారు పెట్టుట ఇంకను కుదురలేదట. అమ్మాయి దానిని మాకు చదివి వినిపించి, మడచి సంచిలో పెట్టుకొన్నది. వచ్చు ఆదివారము వారు సుళ్ళూరుపేటకు వచ్చుచున్నారు. వదినగారు నిన్న ఫోను చేసి, పెండ్లిచూపులకు ఏ చీర కట్టించవలెనని మమ్ము అడిగిరి.